ఎండ చదువు

బడిని నేను తొమ్మిదో తరగతిలో మానేశాను. లెక్కల్ని మాత్రం మానలేదు. నెల్లూరులో పెన్న ఒడ్డున ఒక టింబర్ డిపో ఉండేది. పెళ్లయిన కొత్తలో అక్కడ రసీదులు రాసే పనికి చేరాను. మేస్త్రి దుంగలు కొలుస్తుంటే పక్కన నిలబడి చూసి చూసి ఆ విద్య పట్టుకున్నాను. దుంగ నడుముకు తాడు చుట్టాలి. ఆ తాడును నాలుగు మడతలు వేయాలి. ఆ మడతను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని దుంగ పొడవుతో మళ్లీ హెచ్చవేస్తే ఎన్ని ఘనపుటడుగులో తేలిపోతుంది. కొన్నేళ్లకు తాడుతో కూడా పని లేకపోయింది, కంటితో చూస్తే చాలు. దాంతో ఒక జబ్బు కూడా పట్టుకుంది. గుండ్రంగా ఏది కనబడినా నా మనసు దాన్ని నాలుగు మడతలు వేసేస్తుంది. కరెంటు స్తంభం, నీళ్ల డ్రమ్ము, పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు, ఎవరినీ వదలదు.

పెన్నకు పెద్ద వరద వచ్చినప్పుడు మా డిపోలోని దుంగలన్నీ ఒకదాని వెనక ఒకటి, సినిమా టిక్కెట్లకు నిలబడ్డట్టు వరసగా గోడ దాటి వెళ్లిపోయాయి. వాటి కొలతలన్నీ నాకు నోటికి వచ్చు. కొలతలు నా దగ్గర మిగిలాయి, దుంగలు సముద్రానికి చేరాయి. యజమాని డిపో మూసేశాడు. ఊరంతా చాలాకాలం పరుపులు ఎండబెట్టుకుంటూనే ఉంది. పెన్న కట్ట కింది కాలనీల్లో ఇప్పటికీ ఇళ్ల గోడల మీద నీళ్లు నిలిచిన గుర్తు గోధుమరంగు గీతలా కనబడుతుంది. కొందరు సున్నం వేసి దాచారు. తెలివైనవాళ్లు ఆ గీత వరకు ఒక రంగు, గీత పైన ఇంకో రంగు వేయించి, కావాలనే అలా చేయించుకున్నట్టు నిలబడ్డారు.

అలాంటి రెండు రంగుల మిద్దె ఒకటి అద్దెకు తీసుకుని, ఒక సేవా సంస్థ వాళ్లు పిలకాయలకు సోలార్ పని నేర్పే బడి పెట్టారు. వరదలో ఇల్లూ వాకిలీ పాడైన కాలనీల పిలకాయలు, సముద్రం ఒడ్డు పాలేల నుంచి వచ్చినవాళ్లు అందులో చేరారు. చెప్పడానికి ఒక ఇంజనీరు సారు ఉండేవాడు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన కుర్రాడు. చదువు బాగా ఉంది, మంచి మనసు కూడా ఉంది. కానీ చెప్పేదంతా రైలు రాకపోకల ప్రకటనలా ఉండేది. ప్లాట్‌ఫారం మీద ఎవరున్నారో చూడడు, చెప్పాల్సింది చెప్పేసి వెళ్లిపోతాడు. "టాన్ తీటా" అని బోర్డు మీద రాయగానే పిలకాయలందరూ కిటికీలోంచి పెన్న కేసి చూసేవాళ్లు. పాపం, లెక్కలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆయన వాకబు చేస్తే, పాత డిపో పక్క టీ అంగడాయన నా పేరు చెప్పాడట.

మొదటి రోజు నేను ఒక సరుగుడు కర్ర పట్టుకుని వెళ్లాను. "మన నెల్లూరు ఎండకు సోలార్ పలకను ఎంత వాలుగా పెట్టాలో తెలుసా? నాలుగు జానలు ముందుకు పోతే ఒక జాన పైకి లేవాలి. అంతే. దాన్నే సారు పద్నాలుగు డిగ్రీలు అంటున్నారు" అన్నాను. పిలకాయలు కిటికీ వదిలి నా వైపు తిరిగారు. వెనక నుంచి ఒక ఆడపిల్ల లేచింది.

"ఎవురి జానక్కా? నా జాన వేరు, వాడి జాన వేరు గదా?"

"నీ జానతో కొలిస్తే అంతా నీ జానతోనే కొలువు. వాడి జాన మధ్యలో దూర్చబాక."

"అట్టయితే సరే" అని కూర్చుంది. ఆ క్షణం నుంచి ఆ పిల్ల నాకు నచ్చింది. అడగాల్సిన ప్రశ్న అదే.

ఆమెది చిల్లకూరు దాటి తూర్పుకు పోతే సముద్రం ఒడ్డున ఉండే పాలెం. నాన్న వేటకు పోతాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఇంటర్ అయ్యాక ఈ పిల్ల రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పోయింది. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు. ఆమె ఒంటికి రొయ్య పడదని అక్కడే తెలిసింది. అరచేతులు వాచి, ఎర్రగా కంది, తోలు పొరలు పొరలుగా లేచేది. మా బడికి వచ్చినప్పుడు పెన్ను పట్టుకోవడానికి కూడా వేళ్లు సరిగా మడవలేకపోయేది. వాళ్లమ్మ ఒక గడువు పెట్టి పంపింది. ఈ కోర్సు పాసై ఉద్యోగం వస్తే సరి, లేకపోతే మళ్లీ షెడ్డుకే. షెడ్డు మేస్త్రి ఆమె చోటు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఉంచాడు, అది కూడా ఆమెకు తెలుసు.

తడ దగ్గర పారిశ్రామిక పార్కులో ఒక ఫ్యాక్టరీ వాళ్లు, పాసైన వాళ్లను తమ సోలార్ పలకలు చూసుకునే పనికి తీసుకుంటామని ఇంజనీరు సారుకు మాటిచ్చారు. పాసవడం అంటే కాగితం మీద రాయడం కాదు. ఇద్దరిద్దరు ఒక జట్టుగా, నిజంగా అవసరమున్న చోట ఒక సోలార్ సెట్టు బిగించాలి. బయటి నుంచి ఒక పరీక్ష సారు వచ్చి, చివరి వారం రోజులు ఆ సెట్టు ఎంత కరెంటు ఇచ్చిందో చూసి, ప్రశ్నలు అడిగి, మార్కులు వేస్తాడు. ఈ పిల్ల తన పాలెమే ఎంచుకుంది. అక్కడ వలలు బాగుచేసుకునే షెడ్డుకు రాత్రుళ్లు లైట్లు, ఫ్యాను, సెల్‌ఫోన్లు చార్జి చేసుకునే బోర్డు కావాలి. జట్టులో రెండోవాడు కట్ట కింది కాలనీ పిలకాయ. పని మొదలు పెడితే చేతులూ నోరూ రెండూ ఆగవు.

షెడ్డు రేకులు పలకల బరువు మోయవు కాబట్టి, పక్కన ఖాళీ స్థలంలో నడుమెత్తు ఇనుప చట్రం వేసి, దాని మీద నాలుగు పలకలు పరిచారు. దక్షిణం వైపు వాలు. నేను వెళ్లి జానతో కొలిచి చూశాను, తప్పు లేదు. చుట్టూ ఎక్కడా చెట్టు నీడ లేదు. ఇంజనీరు సారు టెంకాయ కొట్టి, చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఆ సమయానికి పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. ఆడవాళ్లంతా బుట్టలతో అటు పరిగెత్తారు. వలల షెడ్డులోని మగవాళ్లు నలుగురైదుగురు విన్నారు. ఆడవాళ్లు తిరిగి వచ్చేసరికి ఉపన్యాసం చివరి మాట మిగిలింది. "మీ ఊళ్లో కాసే ఎండ ఒక్క పూట కూడా వృథా పోకూడదు!" అన్నాడు సారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేము బస్సెక్కి వచ్చేశాం.

ఆ సెట్టు ఎంత కరెంటు చేస్తుందో ఎప్పటికప్పుడు సెల్‌ఫోన్‌లో గీతలా కనబడుతుంది. పొద్దున నేల మీద మొదలై, మధ్యాహ్నానికి కొండెక్కి, సాయంత్రానికి మెల్లగా దిగాలి. బడిలో పిలకాయలందరి సెట్ల గీతలు నేను చూసేదాన్ని. అందరివీ కొండల్లాగే ఉన్నాయి. ఈ పిల్ల గీత మాత్రం ఒంటెలా ఉంది. పొద్దున చక్కగా ఎక్కుతుంది, ఎండ ముదరగానే దభీమని పడిపోతుంది, నడి మధ్యాహ్నమంతా నేల మీద పడుకుంటుంది, సాయంత్రం ఎండ వాలుతుండగా లేచి కాసేపు ఒళ్లు విరుచుకుంటుంది. సరిగ్గా మా ఊరి కొన్ని ఆఫీసుల పనివేళలు.

"బ్యాటరీ నిండిపోయి ఉంటుంది. నిండితే చార్జింగ్ ఆగుతుంది" అన్నాడు ఇంజనీరు సారు.

"నిండితే రాత్రి లైట్లు ఎందుకు ఆరిపోతున్నాయి సార్?" అంది పిల్ల. వాళ్ల నాన్న ఫోన్ చేసి చెప్పాడు.

మేఘాలేమో అనుకున్నాం. నెల్లూరులో ఆ నెలలో మేఘం కనబడితే ఫొటో తీసుకుంటారు. వైరు లూజైందేమో అనుకున్నాం. లూజైన వైరుకు రోజూ ఒకే వేళకు లూజయ్యే క్రమశిక్షణ ఎక్కడిది? నేను గీతల్ని పక్కపక్కన పెట్టుకుని చూశాను. అన్నీ ఒంటెలే. ఒక్క రోజుది మాత్రం అచ్చమైన కొండ. ఆ రోజు ఏం జరిగిందని పిల్ల చేత పాలెంలో అడిగించాను. ఏమీ జరగలేదు, గాలి ఎక్కువై పడవలు వేటకు పోలేదు, అంతే.

"సముద్రంలో వేటకూ నేల మీద కరెంటుకూ లెక్క ఎక్కడ కలుస్తుంది?" అని నేను తల పట్టుకున్నాను. దుంగలు కొలిచిన బుర్ర. సముద్రం సంగతి దానికి తెలిసింది వరదప్పుడే.

పిల్ల అమ్మకు ఫోన్ చేసింది. అందరం వినేట్టు స్పీకర్ పెట్టింది.

"అమా, మన పలకల మీద నీడ ఏమన్నా పడతా ఉండాదా?"

"నీడా? ఆడ నీడ యాడిది మే, మాడిపోతా ఉంటే! ఎండ బెమ్మాండంగా ఉండాది."

"పలకలు పగిలినాయా ఏందన్నా?"

"ఎందుకు పగలతాయి? పాపాయిని చూసుకున్నట్టు చూసుకుంటా ఉండాం. రోజూ కడగతా ఉండాం గూడా."

"చూసినారా?" అన్నాడు సారు. "మెయింటెనెన్సు కూడా బాగుంది."

వాళ్లమ్మ చెప్పిన ఒక్క మాట కూడా అబద్ధం కాదని తర్వాత తెలిసింది.

పరీక్ష సారు చూసే చివరి వారం దగ్గరపడుతోంది. మేం నలుగురం, అంటే నేను, సారు, పిల్ల, కాలనీ పిలకాయ, బస్సెక్కి పాలెం వెళ్లాం. మిట్టమధ్యాహ్నం దిగాం. పలకలు దూరం నుంచే కనబడ్డాయి. నల్లగా కనబడాల్సినవి తెల్లగా మెరుస్తున్నాయి. దగ్గరికి పోయే కొద్దీ వాసన వచ్చింది. నాలుగు పలకల మీదా అంచు నుంచి అంచుకు, ఒక్క వేలు సందు కూడా లేకుండా, వేలెడంత నెత్తళ్ల చేపలు పరిచి ఉన్నాయి. ఒక మూల సొరచేప ముక్కలు. పలకల కింద చల్లటి నీడలో ఇద్దరు అవ్వలు కాళ్లు చాపుకుని వక్కాకు నములుతున్నారు. పిల్ల వాళ్లమ్మ పొడవాటి కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"కరెంటు పండుతాదనుకుంటే చేపలు పండినాయే!" అన్నాడు కాలనీ పిలకాయ.

"ఏం మే, చెప్పకుండా వచ్చినావే!" అంది వాళ్లమ్మ సంబరంగా. "రండక్కా, రండి సార్. చూసినారా మా బల్లలు?"

"అమ్మా, ఇవి... ఇవి ప్యానెళ్లమ్మా!" అన్నాడు సారు.

"ప్యానెళ్లో పీటలో, బెమ్మాండంగా ఉండాయి సార్. ఇసక అంటదు. కుక్క ఎక్కదు. వాలుగా ఉండాది గాబట్టి నీళ్లు దానంతట అవే కారిపోతాయి. పొద్దన పోస్తే మాపటికి టక్కుమని ఇరగతాది. గూడూరు సంతలో ఆడోళ్లు అడగతా ఉండారు, నీ నెత్తళ్లలో ఇసక లేదేంది మే అని."

"ఇవి చేపల బల్లలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"ఎవురు చెప్పాలక్కా? తుఫాను పోయినాక ఎవురో వచ్చినారు. టేపేసి కొలిచినారు. ఇసకలో ఎండబెట్టబాకండి, ఎత్తు బల్లలు ఇస్తాం అనినారు. పోయినారు, మళ్లా రాలా. ఇన్నాళ్లకి నా కూతురు వచ్చింది. టేపేసి కొలిచింది. బల్లలు ఏసింది. ఇంకేం చెప్పాల? అది టవునులో ఎండ చదువు చదవతా ఉండాది. ఎండ గురించి చదివే పిల్లకి అమ్మ నడుం నొప్పి తెలవదా అనుకున్నా."

సారు ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"మీరు గూడా టెంకాయ కొట్టి చెప్పినారు గదా సార్, ఎండ ఒక్క పూట గూడా ఊరికే పోకూడదని? పోనిచ్చినామా?"

సారు తాను టెంకాయ కొట్టిన చోటు కేసి చూశాడు.

ఇక నేను పూనుకున్నాను. పలక మీద ఎండ పడితేనే కరెంటు పుడుతుందని, ఒక మూల కప్పినా పక్కనున్నవి కూడా నీరసపడతాయని, ఇన్ని చేపలకు ఇంత కరెంటు పోతుందని వేళ్ల మీద లెక్కవేసి చెప్పాను. అవ్వలు కూడా కింద నుంచి తల బయట పెట్టి విన్నారు. వాళ్లమ్మ ఓపికగా అంతా విని, ఒక్క మాట అడిగింది.

"లైట్లు రాత్రికి గదా కావాల?"

"రాత్రికే."

"అట్టయితే పగలు మేం వాడుకుంటాం, రాత్రి మీరు వాడుకోండి. పంచుకుంటే పోలా?"

చాలా ఏళ్లు భాగహారాలు చేశాను. ఇంత సమంగా పంచినవాళ్లను నేను చూడలేదు. ఎక్కడ తప్పుందో చెప్పడానికి పగటి కరెంటు బ్యాటరీలో దాక్కుని రాత్రి బయటికి వస్తుందని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. "మేం ఉప్పేసి దాచుకున్నట్టా?" అంది కింద నుంచి ఒక అవ్వ. "సరిగ్గా అట్టే" అన్నాను. అదొక్కటే ఆ రోజు నేను గెలిచిన మాట, అది కూడా అవ్వదే.

అప్పుడు పిల్ల ఒక్కసారిగా విరుచుకుపడింది.

"నువ్వు ఎండబెట్టింది నెత్తళ్లని కాదు మా, నా పరీక్షని! కరెంటు రాకపోతే ఫెయిలు. ఫెయిలయితే యాడికి పోవాల నేను? మళ్లా ఆ రొయ్యల్లోకే గదా?" అని రెండు అరచేతులూ చాపింది. కొత్త తోలు ఇంకా పలచగా, గులాబీ రంగులో ఉంది.

వాళ్లమ్మ ఆ చేతుల కేసి చూసింది. కర్ర పక్కన పెట్టింది. బుట్ట తెచ్చి, నెత్తళ్లను దోసిళ్లతో తీసి అందులో పోసి, పది అడుగుల అవతల ఇసకలో పట్ట పరిచి, వంగి కూర్చుని ఒక్కోటి పరవడం మొదలుపెట్టింది. వంగినప్పుడల్లా ఎడమ చెయ్యి దానంతట అదే నడుం మీదికి పోతోంది. పిల్ల అది చూసింది. మేము చూడనట్టు నిలబడ్డాం.

అమ్మ ఒప్పుకున్నా మిగతా ఆడవాళ్లు ఒప్పుకోలేదు. పలకల మీద ఎవరి చోటు ఎంతో అప్పటికే పంచుకుని ఉన్నారు. "నీ కూతురి పరీక్షకి మా చేపలు ఇసకలో దొర్లాల్నా?" అని ఒకామె నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. అమ్మ వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. అది తల్లి చూపు కాదు, సంతలో సరుకు చూసే చూపు.

"ఏం మే, ఎండ చదువు చదివినావు గదా. ఇట్టాంటి బల్ల ఇంకోటి ఏసి చూపీ. దాని మీద గూడా ఒక్క పూటలో చేప టక్కుమంటే, మీ పలకలు మీవి. లేదంటే ఎవురు చెప్పినా ఈళ్లు ఇనరు."

ఆ విధంగా పరీక్షకు ముందు ఇంకో పరీక్ష వచ్చి పడింది. ఈ పరీక్ష పెట్టే ఆమె దగ్గర దయకు మార్కులు లేవు.

పిల్లా, కాలనీ పిలకాయా కలిసి సరుగుడు కర్రలు తెచ్చి పాతారు. వాలు నేనే చూశాను, నాలుగు జానలకు ఒక జాన. పలక నల్లగా ఉండబట్టే వేడెక్కుతోందని సారు చెబితే, కర్రల మీద వెదురు తట్టీలు వేసి నల్ల పట్ట బిగించారు. ఎత్తు నేను నా నడుముకు లెక్క కట్టాను. వాళ్లమ్మ నాకంటే జానెడు పొట్టి అని మరిచిపోయాను. ఆమె చేపల బుట్ట బోర్లించి దాని మీదెక్కి, "అక్కకి బాగా అమరింది. చేపలు గూడా అక్కే ఎండబెడతాదేమో" అంది. బల్ల కాళ్లు కోశాం.

మర్నాడు పొద్దున నెత్తళ్లు పోశారు. మేము వలల షెడ్డులో కూర్చుని, ఫలితాల కోసం గోడకు అంటించిన కాగితాల దగ్గర నిలబడ్డట్టు ఎదురు చూశాం. ఎండ వాలాక వాళ్లమ్మ వచ్చింది. మధ్యలోంచి ఒక చేప తీసి రెండు వేళ్లతో వంచింది. విరగలేదు. వంగింది. వదిలితే మళ్లీ తిన్నగా అయింది.

"ఇది ఎండలా. నిద్రపోయి లేచింది" అంది.

పైన ఎండింది కానీ కింద పట్టకు అంటుకున్న వైపు చెమ్మగా ఉంది. గాజు పలక మీద జారిపోయిన నీళ్లు పట్ట మీద ముడతల్లో నిలబడ్డాయి. మిగతా ఆడవాళ్లు అప్పుడే బుట్టలెత్తుకుని పలకల కేసి చూస్తున్నారు. సారు ముఖంలో రైళ్లన్నీ ఆలస్యం. పిల్ల మాత్రం బల్ల కిందికి దూరి, పైకి చూసి, లోపలి నుంచే అరిచింది.

"నానా, పాత వల ఒకటియ్యి!"

వాళ్ల నాన్న చిరిగిన వల ఇచ్చాడు. పట్టకు బెత్తెడు పైన ఆ వలను నాలుగు వైపులా లాగి, పడవ తాళ్లకు వేసే ముడులతో బిగించింది. కింద నల్ల పట్ట వేడి, మధ్యలో గాలి పోయే సందు, పైన వల మీద చేపలు. నీళ్లు వల కన్నాల్లోంచి పట్ట మీద పడి వాలులో జారిపోతాయి. కాలనీ పిలకాయ ఆ ముడులు చూసి, "ఈటికి నట్లూ బోల్టులూ ఏం చాల్తాయి మే" అన్నాడు. "ముడి తుప్పు పట్టదురా" అంది.

ఆ మర్నాటి సాయంత్రం పాలెంలో ఆడవాళ్లంతా పోగయ్యారు. వాళ్లమ్మ ఈసారి మధ్యలోంచి తీయలేదు. మూలకు పోయి, అందరికంటే లావుపాటి నెత్తల్ని ఏరింది. చెవి దగ్గర పెట్టుకుని వంచింది. మాకు కూడా వినబడింది, టక్కుమని. సగం ముక్క నోట్లో వేసుకుని నమిలింది. మిగతా సగం, ఎదురు తిరిగిన ఆమె నోట్లో పెట్టింది. ఆమె నమిలి, ఇసక కోసం నాలుకతో వెతికి, దొరక్క, ముఖం చిట్లించింది.

"పరవాలేదు" అంది వాళ్లమ్మ.

ఆ పాలెంలో పరవాలేదు అంటే ఫస్టు క్లాసట. పిల్లే చెప్పింది, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ రాత్రే వెన్నెల ఉండగా మరో రెండు బల్లలకు కర్రలు పాతేశారని తర్వాత విన్నాను. పలకల మీద చేపనూనె మరకలు పోగొట్టడానికి మాత్రం ఆడవాళ్లే కుంకుడు రసం పెట్టి తోమారు. మర్నాటి నుంచి గీత కొండెక్కింది. వాసన మాత్రం దిగలేదు. ఆ వాసనకు కాకులు వచ్చి పలకల అంచుల మీద వరసగా కూర్చునేవి. గీతలో చిన్న చిన్న గుంటలు పడేవి. ఒక్కో గుంట ఒక్కో కాకి. వాళ్లమ్మ ఇప్పుడు తన బల్లకూ కూతురి పలకలకూ మధ్య కర్రతో కాపలా కాసేది. గుంటలు కూడా పూడాయి.

పరీక్ష సారు వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నా మనసు ఆయన్ని వెంటనే నాలుగు మడతలు వేసింది. డిపోలో ఉండి ఉంటే విడిగా పెట్టి ఉంచే దుంగ. పరీక్ష సారు వస్తున్నాడని గౌరవంగా వాళ్లమ్మ ఆ పూట బల్లల మీద ఒక్క చేప కూడా పోయనివ్వలేదు. తుడిచి శుభ్రంగా పెట్టించింది. అదే ముప్పు తెచ్చింది.

ఆయన బండి దిగి, నేరుగా పోయి వాలుగా, నల్లగా మెరుస్తున్న మొదటి బల్ల దగ్గర ఆగాడు. వల మీద వేలు పెట్టి నొక్కాడు. కింద పట్టను చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇది ప్లానులో లేదే. కొత్త రకమా? దీని వైరేది?"

ఎవరూ నోరు తెరిచే లోపు అంత మనిషీ వంగి బల్ల కిందికి దూరాడు. లోపల వైరు కోసం ఒక్కో కర్రా తడుముతున్నాడు. ఇంజనీరు సారు కళ్లు మూసుకున్నాడు.

"దానికి వైరెందుకు సార్?" అంది వాళ్లమ్మ పైనుంచి. "చేపకి షాకు కొడతాది."

ఆయన బయటికి వచ్చేసరికి చొక్కా నిండా పొలుసులు. ముక్కు దగ్గర చెయ్యి ఊపుకుంటూ, "ఏమిటీ వాసన?" అన్నాడు.

"సముద్రం సార్" అన్నాడు కాలనీ పిలకాయ, చేతులు కట్టుకుని.

అప్పుడు పిల్ల ముందుకు వచ్చింది. దాచకుండా మొదటి నుంచి చెప్పింది. పలకలు బిగించడం, చేపలు ఎండబెట్టడం, ఒంటె గీతలు, అమ్మ, వల, అన్నీ. "పలక మీద నీడ పడబాకండి అని చెప్తే సరిపోదు సార్. ఆ ఎండ ఎవురికి కావాల్నో ముందు చూడాల. వాళ్లకి వేరే చోటు చూపిస్తేనే మన పలక మనకి మిగలతాది" అంది. ఆయన కాసేపు ఆమెనూ, వెనకాల కర్ర పట్టుకుని నిలబడ్డ తల్లినీ చూశాడు. వాళ్లు పలకను బల్ల అనుకుంటే, ఆయన కొంచెం ముందే బల్లను పలక అనుకున్నాడు కాబట్టి, కోప్పడే వీలు లేదు.

"వాలు ఎంత?"

"నాలుగు జానలకి ఒక జాన సార్."

"డిగ్రీల్లో చెప్పమ్మా."

"పద్నాలుగు సార్."

"మరి ముందే అలా చెప్పొచ్చుగా?"

"ముందు బల్లకి కొలత చెప్పినా సార్. తర్వాత పలకకి. రెండూ ఒకటే."

తర్వాత ఫ్యూజులు, వైర్లు, ఎర్తింగు అన్నీ విప్పించి, మళ్లీ బిగించమన్నాడు. ఇద్దరూ బిగించారు. ఫ్యాను తిరిగింది. వారం రోజుల గీతలు చూశాడు. అన్నీ కొండలే. వెళ్తూ వెళ్తూ పలక మీద వేలితో గీసి, వేలు చూసుకుని, "ఇంత శుభ్రంగా ఉన్న పలక ఈ మధ్య ఎక్కడా చూడలేదు" అన్నాడు. "చేపలు పోసేది గదా సార్, కడగకుండా ఎట్టా పోస్తాం?" అంది వాళ్లమ్మ. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది, చేపల సంగతి ఇప్పుడు ఎందుకని.

ఇద్దరూ పాసయ్యారు. కాలనీ పిలకాయ నెల్లూరులోనే వరదకు పాడైన ఇళ్ల మీద పలకలు బిగించే పనికి కుదిరాడు. పిల్ల తడ పోయింది. మొదటి నెలలో అరచేతుల ఫొటో తీసి నాకు పంపింది. మామూలు చేతులు, గోరు కింద నల్ల గ్రీజు. అంతకంటే అందమైన ఫొటో నా ఫోన్‌లో లేదు. వాళ్లమ్మ గూడూరు వచ్చిన వాళ్లతో నాకొక నెత్తళ్ల పొట్లం పంపింది. విరిస్తే టక్కుమంది.

బడిలో ఇప్పుడు కొత్త పిలకాయలున్నారు. అయినా అలవాటు కొద్దీ పాత గీతలు అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను. మొన్నొక మధ్యాహ్నం పాలెం గీత చూస్తే, కొండ శిఖరం మీద పెద్ద గుంట. కాకి కాదు. కాకి అయితే ఎగిరిపోతుంది. ఇది తీరికగా కూర్చున్న గుంట. వాళ్లమ్మకు ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. కాసేపాగి మళ్లీ చేశాను.

"మీరు గూడానా అక్కా!" అంది ఎత్తగానే. "ఇప్పుడే అది తడ నించి తిట్టి ఫోను పెట్టింది. పనిలో ఉండి గూడా ఫోనులో నన్నే చూస్తా ఉంటాదంట. రవ్వన్ని చేపలు, ఒక మూలకి పోసినానక్కా, అంతే. బల్లలన్నీ నిండిపోయినాయి. ఈరోజు వేట బాగా పడింది, యాడ పోయమంటారు? ఈ పిల్లకి ఎండ చదువు చెప్పించినందుకు నా నెత్తిన కూర్చోనుండాది."

"తీశావా మరి?"

"తీస్తా ఉండా, తీస్తా ఉండా. దానికి చెప్పండి."

ఫోన్ పెట్టేసి గీత చూస్తూ కూర్చున్నాను. కాసేపు అది గుంటలోనే పడుకుని ఉంది. తర్వాత ఎవరో సణుక్కుంటూ ఒక్కో చేపా ఏరుతున్నట్టు, మెల్లమెల్లగా పైకి లేచింది.